రోడ్డు తరఫున వకాలతు

"అదంతా తర్వాత విందాం. ఆ రోడ్డు ఇప్పుడు ఎంత వెడల్పుందో ముందు చెప్పండి" అన్నారు జడ్జిగారు.

2024 వేసవి సెలవుల తర్వాత, గుంటూరు సివిల్ కోర్టులో. నేను అప్పటికి రెండేళ్లుగా ఒక నగరపాలక సంస్థ తరఫున రోడ్లు, కాలువలు, వంతెనల కేసులు చూస్తున్నాను. ఆ ఉదయం నా దగ్గర మంచి వాదన ఒకటి సిద్ధంగా ఉంది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 41వ సెక్షన్‌కు 2018లో ఒక క్లాజు చేర్చారు. మౌలిక సదుపాయాల ప్రాజెక్టుకు అడ్డుపడేలా, ఆలస్యమయ్యేలా ఇంజంక్షన్, అంటే పని ఆపమనే ఉత్తర్వు, ఇవ్వకూడదని దాని సారాంశం. షెడ్యూలులో రోడ్లూ వంతెనలూ ఉన్నాయి. రాత్రంతా కూర్చుని తీర్పులు వెతికి, కాగితాల మధ్య రంగు చీటీలు పెట్టుకుని వెళ్లాను. అరగంట మాట్లాడగలను.

రోడ్డు వెడల్పు మాత్రం తెలియదు.

ఫైలు తిరగేశాను. ప్లానులో 18 మీటర్లని ఉంది, కానీ అది కాబోయే వెడల్పు. దావాకు జవాబుగా నేను రాసిన కౌంటరులో 60 అడుగులని ఉంది. అదీ కాబోయేదే. దావా వేసిన పెద్దావిడ తరఫు వకీలు లేచి, "50 అడుగులండీ, మా కక్షిదారే కొలిపించింది" అన్నాడు. కాదనడానికి నా దగ్గర అంకె లేదు, అవుననడానికి ధైర్యం లేదు. "కనుక్కుని చెబుతాను" అన్నాను. బెంచి క్లర్కు తల వంచుకుని నవ్వాడు. అప్పటికే ఉన్న యథాతథ స్థితి ఉత్తర్వును పొడిగించి వాయిదా వేశారు.

ఆ ఉత్తర్వు ఉండడానికి కారణం కూడా నేనే. రోడ్డు విస్తరణ పని మొదలు పెట్టేముందు ఆ వరసలో ఉన్న వాళ్లందరి మీదా కేవియట్ వేశాను. మాకు చెప్పకుండా ఏ ఉత్తర్వూ ఇవ్వవద్దని కోర్టుకు ముందుగా పెట్టుకునే విన్నపం అది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం దానికి ఆయుష్షు 90 రోజులు. పని ఆలస్యమైంది. నేను కేవియట్ మళ్లీ వేయలేదు. గడువు తీరిన నాలుగో రోజున ఆవిడ దావా పడింది, మాకు తెలియకుండానే ఉత్తర్వు వచ్చింది. ఆవిడ వకీలు లెక్క పెట్టుకుని కూర్చున్నాడో, కాకతాళీయమో ఇప్పటికీ అడగలేదు. లెక్క పెట్టుకునే ఉంటాడు. నేనైనా అదే చేసేదాన్ని.

ఇక్కడొక మాట చెప్పాలి. కక్షిదారు వకీలుకు నమ్మకంగా చెప్పిన విషయం బయట పెట్టకూడదని చట్టం. కొత్త సాక్ష్య చట్టంలో అది 132వ సెక్షను. అందుకని సంస్థ పేరు, వీధి పేరు, మనుషుల పేర్లు ఇందులో ఉండవు. నేనుండేది బ్రాడీపేట అని మాత్రం చెప్పుకుంటాను. ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అని రెండంకెలు చెబితే చాలు, కొత్తవాళ్లయినా ఇంటికి వచ్చేయగల పేట. గళ్ల కాగితం మీద గీసినట్టుంటుంది. అక్కడ పెరిగిన మనిషికి వీధులన్నీ తిన్నగానే ఉంటాయన్న భ్రమ ఉంటుంది. నాకూ ఉండేది.

ఈ పనిలోకి ఎలా వచ్చానంటే, గొప్ప కథేమీ లేదు. పదమూడేళ్లు ఆస్తి పంపకాలు, అద్దె కేసులు, చెక్కు బౌన్సులు చూశాను. సంస్థ కేసులు చూసే వకీళ్ల పానెల్‌కు దరఖాస్తులు పిలిచారని తెలిసి పెట్టాను. మూడేళ్ల కాలానికి ఉత్తర్వు వచ్చింది. ఫీజు కేసుకింత అని ముందే రాసి ఉంటుంది. దాని గురించి మా ఇంట్లో ఎవరూ సంతోషంగా మాట్లాడరు. మా సీనియరుగారు మాత్రం ఒక పాత పుస్తకం చేతిలో పెట్టి, "ఇది చదువు, హైదరాబాదు చట్టం" అన్నారు. గుంటూరు వీధికి హైదరాబాదు చట్టమేమిటని అడిగాను. ఆయనకు కావలసిందీ అదే.

మన మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 1955లో హైదరాబాదు కోసం చేసింది. అప్పటికి హైదరాబాదు వేరే రాష్ట్రం. మనది కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రం, హైకోర్టు మన గుంటూరులోనే ఉండేది, 1954 నుంచి 1956 దాకా. విజయవాడ 1981లో, గుంటూరు 1994లో కార్పొరేషన్లయ్యాక ఆ చట్టాన్నే వీటికీ వర్తింపజేశారు. ఇప్పుడు పేరులో ఆంధ్రప్రదేశ్ అని ఉన్నా, పాత వకీళ్లు ఇంకా హైదరాబాదు చట్టమనే అంటారు. మా ఊళ్లో హైకోర్టు ఉన్న రోజుల్లో ఎవరికో రాసిన చట్టంతో మా ఊరి గోడలు కొలుస్తున్నామని సీనియరుగారు కనీసం ఏడాదికి రెండుసార్లు చెబుతారు. వినేవాళ్లుంటే మూడుసార్లు.

సరే, రోడ్డు వెడల్పు.

వాయిదా పడ్డాక వచ్చిన ఆదివారం పొద్దున ఆరున్నరకు ఆ వీధికి వెళ్లాను. నాతో అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారు, వార్డు సచివాలయం నుంచి ప్లానింగ్ కార్యదర్శి, నా జూనియరు. నా సంచిలో మా నాన్నగారి ఉక్కు టేపు. ఆయన కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. గుడ్డ టేపు సాగుతుంది, నమ్మవద్దని చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పారో. చిన్నప్పుడు ఎవరు వింటారు?

పెద్దావిడది కారం మర. మగ్గం గదిలా చిన్న దుకాణం, ముందు షట్టరు, షట్టరు వెనక తూకం, ఆ వెనక సిమెంటు దిమ్మ మీద బోల్టులు బిగించిన మర, మోటారు. ఆ రోజు మర ఆడడం లేదు. అయినా గోడలకు పట్టిన ఘాటుకే ఏఈగారు నాలుగుసార్లు తుమ్మారు. దుకాణం లోపలి గోడ మీద, షట్టరు నుంచి కొంచెం లోపలికి, నిలువుగా ఎర్ర రంగు గీత. విస్తరణలో అక్కడి దాకా పోతుందని గుర్తు. రోడ్డు మీద నడిచే వాళ్లకు అదొక గీత. లోపల కూర్చునే వాళ్లకు అదెలా కనిపిస్తుందో ఆ రోజు దాకా నేను చూడలేదు. గీత సరిగ్గా మర దిమ్మ మీదుగా దిగింది. దిమ్మలో మూడంగుళాలు ఇవతల, తక్కినది అవతల.

"మూడంగుళాలు కోసి మర నిలబెట్టగలరా ప్లీడరమ్మా?" అని అడిగింది ఆవిడ. నేనెవరి తరఫో తెలుసు, అయినా కుర్చీ వేసింది.

"మీరు రోడ్డు వద్దని కదా కేసు వేశారు" అన్నాను.

"రోడ్డు వద్దని నేనెప్పుడన్నానమ్మా? మా ఇంటి ముందు అంబులెన్సు తిరగలేక ఆయన పోయాడు. రోడ్డు వేయండి. ఎంత పోతుందో నిజం చెప్పండి, డబ్బు ఎప్పుడిస్తారో చెప్పండి. ఆ రెండూ అడిగితే కాగితం ఇచ్చి పోయారు."

ఆ కాగితం టీడీఆర్ గురించి. రోడ్డుకు స్థలం ఇచ్చిన వాళ్లకు డబ్బుకు బదులు ఇచ్చే బాండు. దానితో ఇంకోచోట అదనంగా అంతస్తు కట్టుకోవచ్చు, లేదా కట్టుకునే బిల్డరుకు అమ్ముకోవచ్చు. పెద్ద స్థలం ఉండి, కట్టడం తెలిసిన వాడికి అది మంచి బేరమే. ఆవిడకు నేను వివరించి చెప్పాను. శ్రద్ధగా విన్నది. "కింద ఉన్న చోటే పోతుంటే పై అంతస్తు దేని మీద కట్టుకోమంటారు?" అంది. నా జూనియరు నా వైపు చూడకుండా గోడ వైపు చూశాడు.

తర్వాత కొలిచాం. రోడ్డు 50 అడుగులుంది. ఆవిడ వకీలు చెప్పిందే నిజం. 60 అడుగులు కావాలంటే రెండు పక్కలా అయిదేసి అడుగులు పోవాలి, గీత అక్కడే ఉంది. లెక్క సరిపోయిందని ఏఈగారు టేపు చుడుతున్నారు. అప్పుడు ప్లానింగ్ కార్యదర్శి, ఉద్యోగంలో చేరి ఎన్నో ఏళ్లు కాని కుర్రాడు, "మేడమ్, ప్లానులో ఉన్నది 18 మీటర్లు కదా, 18 మీటర్లంటే 60 అడుగులు కాదు" అన్నాడు.

కాదు. 59 అడుగులు, మరొక అంగుళంలో మూడింట రెండు వంతులు. తేడా పదకొండు అంగుళాల పైచిలుకు, పక్కకు అయిదున్నర దాటి. ఎవరు చేశారీ తప్పు? నోటీసు ముసాయిదా నా దగ్గరికే వచ్చింది. జనానికి మీటర్లు తెలియవు, అడుగుల్లో రాద్దామని 18 మీటర్లు కొట్టేసి 60 అడుగులని నేనే రాశాను. గుండ్రంగా ఉంటుందని. గీత గీసిన వాళ్లు నోటీసు చూసి గీశారు. ఆవిడ మర దిమ్మలోని ఆ మూడంగుళాలూ నా కలం నుంచి వచ్చినవి.

నేనా మాట అక్కడ పైకి అనలేదు. కారులో కూర్చున్నాక జూనియరుతో అన్నాను. వాడు, "నాకు అప్పుడే తెలుసు మేడమ్" అన్నాడు. అప్పుడే అంటే ఎప్పుడో అడగలేదు.

కథ అక్కడితో అయిపోతే అంగుళాల కథే. అసలు చిక్కు మధ్యగీత. రోడ్డు వెడల్పు మధ్య నుంచి చెరిసగం కొలుస్తారు. మధ్య ఎక్కడ? ఇవాళ కనిపించే రోడ్డుకు మధ్యా, రికార్డులో ఉన్న రోడ్డుకు మధ్యా? పాత టౌన్ సర్వే పటం తెప్పించమని రాశాను. రావడానికి వారాలు పట్టింది. ఆ సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిపోయింది. మా ఏఈగారినీ అక్కడికి డ్యూటీ మీద పంపారు. ఆయన తిరిగి వచ్చాక కూడా చాలా రోజులు కాలువ అన్న మాట వినగానే నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపించేవారు. పటం సంగతి అడగడానికి నాకే మొహమాటమయ్యేది.

పటం వచ్చింది. దాని ప్రకారం ఆ రోడ్డు 52 అడుగులు. రెండడుగులు ఏమయ్యాయి? ఎదుటివైపు దుకాణాల మెట్లు, అరుగులు ఏళ్ల తరబడి ఒక్కొక్కటే ముందుకు వచ్చి మురుగుకాలువ మీద కూర్చున్నాయి. అంటే అసలు మధ్య ఎదుటివైపుకు ఒక అడుగు జరిగి ఉంది. 18 మీటర్ల లెక్కతో, అసలు మధ్య నుంచి కొలిస్తే ఆవిడ దుకాణంలో పోయేది అయిదడుగులు కాదు, మూడున్నర. మర దిమ్మకు ఇవతల ఇంకా అడుగుంపావు మిగులుతుంది.

ఇప్పుడు నా పని ఏమిటి? నా కక్షిదారు సంస్థ. ఆవిడ కాదు. ఈ లెక్క ఆవిడ వకీలుకు ఇంకా తెలియదు. తెలియనంతకాలం నేను నా 41వ సెక్షను మీద గట్టిగా వాదించవచ్చు. గెలిచినా గెలవవచ్చు. కోర్టులో గెలవడం తెలియని వకీలును ఎవరూ పెట్టుకోరు. అయినా అభిప్రాయం రాయడానికి కూర్చుంటే కలం అటు సాగలేదు. ఇందులో నీతి ఎంతో, భయం ఎంతో నేనే చెప్పలేను. భయమే ఎక్కువనుకుంటాను. రేపు కోర్టు అడ్వకేట్ కమిషనరుగా ఒక వకీలును వేసి కొలిపిస్తే పటం బయటికి రాక మానదు.

చట్టం కూడా అటే ఉంది. ఆస్తి హక్కును 1978 నాటి 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి తీసేశారు గానీ 300ఏ అధికరణంగా నిలిపారు. చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదు. 2024 మేలో సుప్రీంకోర్టు కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో ఈ ఒక్క వాక్యాన్ని ఏడు హక్కులుగా విప్పి చెప్పింది. నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కారణాలతో నిర్ణయం చెప్పాలి, ప్రజా ప్రయోజనం చూపాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి, ప్రక్రియను సమర్థంగా నడపాలి, దాన్ని చివరిదాకా తీసుకుపోయి ముగించాలి. ఏడింటిలో మా నోటీసు మొదటి మెట్టు దగ్గరే తడబడింది, నా అడుగుల వల్ల. ఆ నవంబరు 13న కూల్చివేతల మీద ఇంకో తీర్పు వచ్చింది. కట్టడం కూల్చేముందు పదిహేను రోజుల నోటీసు, రిజిస్టర్డ్ పోస్టులో, గోడకు కూడా అంటించి. అయితే రోడ్డు మీద, కాలిబాట మీద ఉన్న అనధికార కట్టడాలకు ఆ తీర్పు వర్తించదని అందులోనే చెప్పారు. అంటే వింతగా, మేము కూల్చబోయిన ఆవిడ దుకాణానికి రక్షణ ఉంది, మేము ముట్టుకోని ఎదుటి అరుగులకు లేదు.

నాలుగు పేజీలు రాశాను. నోటీసు ఉపసంహరించుకోండి, మీటర్లలో కొత్తది ఇవ్వండి, పాత పటం ప్రకారం మధ్యగీత పెట్టండి, ఎదుటి అరుగులు తీయించండి, బాండు వద్దన్న వాళ్లకు డబ్బు ఇవ్వండి. చట్టంలో 146వ సెక్షను కింద ఒప్పందంతో కొనుక్కోవచ్చు. ఒప్పందం కుదరకపోతే 2013 భూసేకరణ చట్టం ఉండనే ఉంది. పట్టణంలో మార్కెట్ విలువకు సోలేషియం పేరుతో మరో నూరు శాతం కలపాలి. కట్టడం విలువ కూడా లెక్కలోకి వస్తుంది. కేసు ఓడి ఈ డబ్బు కట్టడం కంటే ముందే మాట్లాడుకుంటే తక్కువలో తేలుతుందని చివర రాశాను. ప్రభుత్వ ఫైలులో ధర్మం గురించి ఎంత రాసినా ఎవరూ చదవరు. డబ్బు గురించి రాసిన పేరా కింద మాత్రం ఎవరో ఒకరు గీత గీస్తారు.

సమావేశానికి పిలిచారు. ఒక పెద్ద అధికారి నా కాగితం ముందు పెట్టుకుని, "మేడమ్, మీరు మా తరఫా, వాళ్ల తరఫా?" అని అడిగారు. గట్టిగా కాదు, నవ్వుతూనే.

"రోడ్డు తరఫు సార్" అన్నాను. ముందు అనుకుని వెళ్లిన జవాబు కాదు. బయటికి వచ్చాక బాగానే ఉందనిపించింది గానీ గదిలో ఎవరూ మెచ్చుకోలేదు. ఆయన చాలాసేపు పటం చూసి, "ఈ అరుగులు తీయించాలంటే నాకెన్ని ఫోన్లు వస్తాయో మీకు తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. నాకప్పటికే మూడు వచ్చాయి. అరుగుల వాళ్ల వకీలు చాంబరు నా చాంబరు పక్కదే.

నెలన్నర కదలిక లేదు. తర్వాత ఒక సాయంత్రం ఏఈగారు ఫోను చేసి, "కొత్త మార్కింగ్ రేపు, టేపు తీసుకు రండి" అన్నారు.

ఆవిడ దావాలో నేను మెమో వేశాను. నోటీసు ఉపసంహరించుకున్నాం, కొత్త కొలతలతో చట్ట ప్రకారం ముందుకు వెళతాం అని. దావా ముగిసింది. బార్ అసోసియేషన్‌లో టీ తాగుతుంటే ఒక మిత్రుడు, వాదించకుండా ఓడిపోయిన మొదటి స్టాండింగ్ కౌన్సెల్‌ని, అంటే సంస్థ వకీల్ని, నేనేనని పరిచయం చేశాడు. నవ్వాను. కొంచెం మండింది కూడా.

ఈ ఒక్క కేసు గురించే ఇంత చెప్పాను గానీ రోజువారీ పని ఇంత రసవత్తరంగా ఉండదు. ఎక్కువ భాగం పేరా వారీ జవాబుల కోసం వెంటపడడమే. దావాలోని ఒక్కో పేరాకు శాఖ ఏమంటుందో రాసి పంపితే తప్ప కౌంటరు తయారు కాదు. ఇంజనీరింగ్ విభాగం టౌన్ ప్లానింగును అడగమంటుంది, టౌన్ ప్లానింగ్ రెవెన్యూను అడగమంటుంది, ఈలోగా వాయిదా వచ్చేస్తుంది. హైకోర్టు రిట్లకు వేరే న్యాయవాదులు ఉంటారు, వాళ్లకు ఫైలు అందించి వెనక వరసలో కూర్చునే పని నాది. తాడికొండ, తుళ్లూరు మీదుగా హైకోర్టు ఉన్న నేలపాడు వెళ్లి, రెండు నిమిషాల వాయిదా చూసి తిరిగి వచ్చిన రోజులెన్నో.

గుత్తేదార్ల బిల్లుల దావాలు ఇంకో రకం. వాటిలో నాకు గురువు ఎం-బుక్, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు, ఏ తేదీన కొలిచారు, ఏఈ సంతకం, దాని మీద పై ఇంజనీరు డీఈ సరిచూసిన సంతకం. వకీళ్ల భాషలో ఒక్క ముక్క ఉండదు, కేసు మొత్తం అందులోనే ఉంటుంది. ఒకసారి ఒక తూము పనిలో తవ్వుతుంటే పాత మంచినీటి గొట్టం బయటపడింది. దాన్ని తప్పించి కట్టమని ఎవరో నోటి మాటగా చెప్పారు, గుత్తేదారు కట్టాడు. వర్క్ ఆర్డరు లేదు కాబట్టి డబ్బు లేదు అనడం మా సహజమైన జవాబు. నేనూ అదే రాసి పెట్టుకున్నాను. ఎం-బుక్ తెప్పించి చూస్తే అదనపు పని కొలతలు చక్కగా రాసి, పొట్టి సంతకం చేసి ఉన్నాయి. కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను సూటిగా ఉంటుంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని ఫలం ఇంకొకరు అనుభవిస్తే, దానికి విలువ కట్టి ఇవ్వాలి. తూములోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి, అనుభవించలేదని ఎలా అంటాం? లోక్ అదాలత్‌లో అసలు ఇచ్చి వడ్డీ మాఫీ చేయించుకున్నాం. అక్కడ రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, అతను ఒప్పుకోవడానికి అదొక కారణం.

వీధి వ్యాపారుల కేసులు వచ్చినప్పుడు నేను ముందు 2014 చట్టమే తీసి పెట్టేదాన్ని. బండి తరలించాలంటే ముప్పై రోజుల నోటీసు, పట్టణ విక్రయ కమిటీలో నలభై శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులు. ఫుట్‌పాత్ మీద నడిచే నాకు ఆ బండ్లంటే విసుగే. మిర్చి బజ్జీ తినేటప్పుడు ఉండదు.

ఒక కేసు గురించి రాయాలా వద్దా అని తటపటాయించాను. అది మా ఊరిది కాదు, పక్క జిల్లాలో ఒక చిన్న పట్టణానిది. అక్కడి పురపాలక సంఘానికి కొన్నాళ్లు చూశాను. పైపులైను కోసం గుత్తేదారు తవ్విన గుంట చుట్టూ రాత్రిపూట దీపం లేదు, అడ్డు లేదు. స్కూటరు మీద వస్తున్న కుర్రాడు పడిపోయాడు, కాలు పోయింది. తండ్రి దావా వేశాడు. ఏ నష్టం వచ్చినా గుత్తేదారుదే బాధ్యత అని మా ఒప్పందంలో ఉంది. అది మాకూ గుత్తేదారుకూ మధ్య మాట. రోడ్డున పోయే వాడికి ఆ కాగితంతో ఏమి పని? ఆ సంగతి నాకు తెలుసు. అయినా అడ్డవిచారణలో తండ్రిని, "మీ అబ్బాయి ఆ రోజు హెల్మెట్ పెట్టుకున్నాడా?" అని అడిగాను. పోయింది కాలు. హెల్మెట్‌తో దానికి సంబంధం లేదు. అడగడానికి వీలైన ప్రశ్న కాబట్టి అడిగాను. ఆయన, "లేదమ్మా" అని, కాసేపు ఆగి, "చెప్పేవాణ్ణి, వినేవాడు కాదు" అన్నాడు. నా తర్వాతి ప్రశ్న నాకు గుర్తు రాలేదు. ఆ సాయంత్రమే రాజీకి సలహా రాశాను, రెండు వాయిదాల తర్వాత ఒప్పుకున్నారు. సొమ్ము ఎంతో ఇక్కడ అనవసరం.

పానెల్ కాలం 2025లో ముగిసింది. మళ్లీ దరఖాస్తు పెట్టాను, ఇంకా తేలలేదు. ఈలోగా ఆ వీధి వెడల్పయింది. ఎదుటి అరుగులు చాలా వరకు పోయాయి. రెండు మాత్రం కోర్టులో ఉన్నాయి, వాటి సంగతి ఇప్పుడు వేరొకరు చూస్తున్నారు. పెద్దావిడ ఒప్పందం కింద డబ్బే తీసుకుంది. షట్టరు వెనక్కి జరిగింది, తూకానికి చోటు ఇరుకైంది, మర దాని దిమ్మ మీదే ఉంది. లోపలి గోడ మీద నా పాత ఎర్ర గీతకు సున్నం వేయించింది గానీ, కిందనుంచి రంగు ఇంకా తేలుతోంది.

మొన్న కొత్త మిరపకాయలు రాగానే తొడిమలు తీయించి, ఎండబెట్టి, నాలుగు కిలోలు ఆవిడ దగ్గరికే తీసుకు వెళ్లాను. వరసలో నిలబెట్టింది. నా వంతు వచ్చాక తూకంలో పోసి, ముల్లు కదలకుండా నిలిచేదాకా చూసింది. ఆడించినందుకు కిలోకు అందరి దగ్గరా తీసుకునేంతే తీసుకుంది. డబ్బా మూత బిగిస్తూ, "సరిగ్గా ఉందో లేదో చూసుకోండి ప్లీడరమ్మా, టేపు తెచ్చారా?" అంది.